పరాయి పిల్ల వాసన

జనవరి 4, పెనుకొండ

పుస్తకాల కంపెనీ ఏజెంటు ఇచ్చిన డైరీ ఇది. ఏటా ఒకటి వస్తుంది, ఏటా స్టాఫ్ రూములోనే ఎవరికో ఒకరికి అంటగట్టేస్తాను. ఈ ఏడు ఉంచుకున్నాను. పదిహేనేళ్లుగా కాలేజీలో జంతువుల నడవడి గురించి పాఠం చెబుతున్నాను. ఇప్పుడు నలభై ఒకటో ఏట పెళ్లి చేసుకుని, పన్నెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లోకి వచ్చి పడ్డాను. ఇంత మంచి అవకాశాన్ని వదులుకుంటే నా ఉద్యోగానికే అవమానం. కాబట్టి ఇది డైరీ కాదు, పరిశీలన పుస్తకం. ఏడుపులూ నిట్టూర్పులూ ఇందులో ఉండవు.

ముందుగా పరిస్థితి. కుళ్లాయప్ప గారు ధర్మవరంలో గూడ్సు రైలు గార్డు. ('మా ఆయన' అని రాయడానికి చెయ్యి ఇంకా రావడం లేదు.) ఇంట్లో ఉండేది తక్కువ. నేను రోజూ పొద్దున ఇక్కడ రైలెక్కి హిందూపురం పోయి, పాఠాలు చెప్పి సాయంత్రానికి వస్తాను. మంజు ఇక్కడే ఏడో తరగతి. వాళ్లమ్మ చాముండి పోయి మూడేళ్లు. చాముండి తల్లి చౌడమ్మ గాండ్లపెంట దగ్గర పల్లెలో ఉంటుంది. వాళ్లవి గొర్రెలు. పెళ్లిరోజే ఆమె అందరి ముందూ ఒక మాట ఖాయం చేసుకుంది. ఉగాది దాకా చూస్తుంది. మంజు ఈ ఇంట్లో కుదురుకుంటే సరే, లేదంటే ఎనిమిదో తరగతికి కదిరి హాస్టలు బడిలో చేర్పించి తనే చూసుకుంటుంది. ఆయన ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. న్యాయమైన మాటే. నాకేమీ బాధ లేదు.

ఇంకో సంగతి. నేను సంతోషంగా ఉన్నాను. ఇది పరిశీలన కిందికి రాదు కానీ నిజం. ఇంటి వెనక వాకిలి తెరిస్తే కొండ కనిపిస్తుంది. ఆయన వస్తూ వస్తూ ఏదో ఒకటి పొట్లం కట్టించుకుని వస్తాడు. ఇన్నేళ్లు హిందూపురంలో ఒక గదిలో ఎలా ఉన్నానా అనిపిస్తోంది.

జనవరి 7

మంజు మొదటి రోజు నుంచే నన్ను చిన్నమ్మా అంటోంది. ఎవరూ నేర్పలేదు. బడి నుంచి రాగానే బ్యాగు పడేసి, నేనెక్కడ ఉంటే అక్కడికి వచ్చి ఆనుకుని కూర్చుంటుంది. నా దువ్వెనతో దువ్వుకుంటుంది. నా కంచంలో అప్పడం అడక్కుండా విరుచుకుంటుంది.

వివరణ సులువే. పెద్దల తోడు లేకుండా మనిషి పిల్ల బతకలేదు. కొత్తగా వచ్చిన పెద్ద మనిషిని మంచి చేసుకోగలిగిన పిల్లలే వేల తరాలుగా బతికి బట్టకట్టారు. ఇది వాళ్ల వారసురాలు. పాపం, తెలిసి చేస్తున్నది కాదు. నేను మాత్రం దీన్ని ప్రేమ అనుకుని పొంగిపోకూడదు. మర్యాదగా ఉంటాను, న్యాయంగా ఉంటాను. దానికి విడిగా కొత్త దువ్వెన కొనిచ్చాను. ఆకుపచ్చది.

జనవరి 9

ఆకుపచ్చ దువ్వెన అట్టలోనే ఉంది. నాదే వాడుతోంది.

జనవరి 13, కాలేజీలో

ఫిబ్రవరి 28 సైన్స్ డే. ఈసారి ప్రసంగం నాది. అంశం ఏమిటని ప్రిన్సిపాల్ గారు అడగ్గానే నోటి నుంచి వచ్చేసింది: "సమాజాన్నీ నీతినీ పరిణామ సిద్ధాంతం వివరించగలదా?" వివరించగలదనే నా వాదన. సొంత రక్తాన్ని కాపాడుకోవడం నుంచి కుటుంబం పుట్టింది. నువ్వు నాకు చేస్తే నేను నీకు చేస్తాననే ఒప్పందం నుంచి ఊరు పుట్టింది. ఒప్పందం తప్పినవాణ్ణి గుర్తుపెట్టుకోవడం నుంచి నీతి పుట్టింది. ఆలోచనలూ అంతే. మనుషులను కలిపి ఉంచేవి నిలుస్తాయి, విడగొట్టేవి వాటిని నమ్మినవాళ్లతోనే పోతాయి.

భోజనాల దగ్గర తెలుగు లెక్చరర్ సంజీవప్ప సారుకు చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు.

"తల్లి బిడ్డను సాకుతాది. యాల?" అన్నాడు.

"సొంత రక్తం సార్."

"బిడ్డను పారేసిపోతే?"

"కరువులో మిగతా పిల్లలను బతికించుకోవడానికి."

"ముక్కూ మొగం తెలీని బిడ్డను తెచ్చి సాకితే?"

"ఊర్లో మంచి పేరు వస్తుంది. ఆ పేరు ఎప్పటికైనా పనికొస్తుంది."

"ఎవురికీ తెలీకుండ సాకితే?"

నేను ఆలోచించేలోగా ఆయన మజ్జిగ పోసుకున్నాడు. "ఏం జరిగినా సరిపొయ్యే జవాబు ఉండాదంటే, మేడం, అది జవాబేనా అని నాకు అనుమానం. ఇంగోటి. బట్ట నీళ్లల్లో పడి తడిసిందని మీరు చెప్తారు. సరే, ఒప్పుకుంటా. దాన్ని ఆరేయల్లా వద్దా అనేది గూడ నీళ్లనే అడుగుతారా?"

సాహిత్యం వాళ్లతో ఇదే చిక్కు, ఒక ఉదాహరణ పడేసి గెలిచామనుకుంటారు. నవ్వేసి ఊరుకున్నాను. కానీ రాసుకోవాలి: ఎందుకు జరుగుతుందో చెప్పడం వేరు, ఎలా ఉండాలో చెప్పడం వేరు. ప్రసంగంలో ఈ మాట మొదటే చెప్పేస్తే ఆయనకు నోరు లేవదు.

జనవరి 20

చౌడమ్మ అవ్వ వచ్చింది. (మంజు అవ్వా అంటుంది కాబట్టి నేనూ అవ్వే అంటున్నాను.) కొడుకు దేవప్ప మందను తోలుకుని వేరుశనగ పీకేసిన పొలాల వెంట ఇటు వచ్చాడు. నెల రోజుల పైనే పెనుకొండ చుట్టుపక్కల ఉంటారట. మంద ఒక రాత్రి పొలంలో నిలిస్తే రైతుకు ఎరువు, కాపరికి గింజలు. ఎవరూ సంతకాలు పెట్టుకోరు, అయినా తాతల నాటి నుంచి మాట తప్పినవాడు లేడట. ఊరు ఎలా పుట్టిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలో దొరుకుతుంది? ప్రసంగంలో పెట్టుకున్నాను.

దేవప్ప మంద దగ్గరే పడుకుంటాడు. అవ్వ మా ఇంట్లో ఉంటుంది. ఉగాదికి చేయాల్సిన తీర్పు కోసం ముందే వచ్చి కూర్చుందని నాకు తెలుసు. తల నెరిసినా నడుము వంగలేదు. రాగానే ఇల్లంతా ఒకసారి తిరిగి, "బాగుండాది," అంది. దేని గురించో చెప్పలేదు.

జనవరి 25

నా సబ్బు కనిపించడం లేదు. అవ్వను అడిగితే, "ఆ వాసనకు నాకు తలనొప్పొస్తాంది సుధమ్మా, యాడనో పెట్నా," అంది. దాని బదులు ఒక గిన్నెలో సీకాయ పొడి పెట్టింది, నాకూ మంజుకూ అదే. ఆదివారం కదా అని అవ్వ మంజు తల నా చేతే రుద్దించింది. రుద్దాక నా తడిచేతులు నా కొంగుకే తుడిపించింది.

రాత్రి పడుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒకే గొంగడి ఇచ్చింది. ఇంట్లో రగ్గులు లేవా అంటే వినదు. పెద్దావిడ చాదస్తం. మంజు మాత్రం నిద్రలో కాళ్లు నా మీద వేస్తుంది. చలికాలం కాబట్టి ఫరవాలేదు.

జనవరి 31

నా దిండు గలీబులో మంజు పాత పావడా ఉంది. ఉతకనిది. అవ్వను పిలిచి చూపించాను.

"దిండు మెత్తగ ల్యాదు గదమ్మా, అందుకని పెట్నా," అంది, కొంచెం కూడా తడబడకుండా.

నాకు అర్థమైంది. పిల్లకు నన్ను అలవాటు చేయాలని ఆమె తంటాలు. అవసరమే లేదు, పిల్ల ఎప్పుడో అలవాటైపోయింది. చెప్పి చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. పావడా తీసేద్దామనుకున్నాను, మళ్లీ లేచి దిండు విప్పాలి కదా, అలాగే పడుకున్నాను.

ఫిబ్రవరి 8

ఆదివారం. మందను చూపిస్తానని మంజు లాక్కుపోయింది. అవ్వ మాకంటే ముందే అక్కడుంది.

ఒక గొర్రెకు పుట్టిన పిల్ల చనిపోయిందట. ఇంకో పిల్లకు తల్లి పోయింది. దేవప్ప చచ్చిన పిల్ల చర్మం ఒలిచి, బతికున్న పిల్లకు చొక్కాలా తొడిగాడు. గొర్రెను గుంజకు కట్టి, అవ్వ దాని వెనక కాళ్లు పట్టుకుంది. పిల్ల ఆ చర్మంతోనే పొదుగు దగ్గరికి పోయింది. గొర్రె తల వెనక్కి తిప్పి చర్మాన్ని వాసన చూసింది. తన్నబోయింది. మళ్లీ వాసన చూసింది. తర్వాత కదలకుండా నిలబడింది.

ఇది నాకు తెలియని విషయం కాదు. ఈనిన కొద్ది గంటల్లో గొర్రె తన పిల్ల వాసనను పట్టేస్తుందని, ఇక పరాయి పిల్లను దగ్గరికి రానివ్వదని రెండో ఏడాది వాళ్లకు నేనే చెబుతాను. కళ్లతో చూడటం మాత్రం ఇదే మొదలు. ఆ ఉత్సాహంలో మంజుకూ పాఠం మొదలుపెట్టాను, చూడు, పిల్లను తల్లికి ఎలా మచ్చిక చేస్తున్నారో అని.

మంజు నన్ను వింతగా చూసింది. "పిల్లకేంటికి చిన్నమ్మా మచ్చిక? దానికి ఆకలి. యా గొర్రె కాడికైనా పోతాది. తన్నేది గొర్రె గదా. ఇదంతా గొర్రె కోసరం."

సబ్బు గుర్తొచ్చింది. పావడా గుర్తొచ్చింది. ఒకే గొంగడి గుర్తొచ్చింది. అవ్వ పిల్లను నాకు మచ్చిక చేయడం లేదు. నన్ను పిల్లకు మచ్చిక చేస్తోంది. ఇన్ని రోజులుగా మా ఇంట్లో గొర్రె నేనన్నమాట.

మంజు గొర్రెపిల్లలను మూసిపెట్టిన గంపల వైపు పోగానే అడిగేశాను. "అవ్వా, నేను తన్నేదాన్నని నీకు ఎవరు చెప్పారు?"

అవ్వ తడుముకోలేదు. "ఎవురు చెప్పల్ల సుధమ్మా? నువ్వు మంచిదానివే. కొట్టవు, తిట్టవు, అన్నంలో తక్కువ చెయ్యవు. గానీ ఆ బిడ్డొచ్చి పక్కన కుచ్చుంటే రోంత పక్కకు జరుగుతావు. నీకు తెల్దు. నేను చూస్తాండా."

"నేను జరగను."

"సర్లేమ్మా," అంది అవ్వ, గొర్రె కాళ్లు వదులుతూ.

ఫిబ్రవరి 9

కోపం తగ్గలేదు. పిహెచ్‌డి చేసిన మనిషిని. మనిషి తల్లి గొర్రెలా ముక్కు మీదే ఆధారపడదు, ఆ మాట అవ్వకు చెప్పాను కూడా. వింది. వినేసి సీకాయ గిన్నె నా వైపు జరిపింది.

ఫిబ్రవరి 10

ఆ దువ్వెన నేనెందుకు కొన్నాను?

ఫిబ్రవరి 14

మంజు సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చింది. చర్మం తీసేశారట, అయినా గొర్రె పిల్లకు పాలిస్తూనే ఉందట. మోసం బయటపడ్డాక కూడా తన్నలేదేమిటని దాని సందేహం. పక్కనే అవ్వ బియ్యం ఏరుతోంది.

"ఇంగెందుకు తన్నుతాది? రొండు దినాలు దాని పాలు తాగినాక పిల్ల దాని వాసనే వస్తాది," అంది.

పుస్తకం తీసి చూశాను. అవును, తాగిన పాల వాసన పిల్లకు పడుతుంది. పుస్తకంలో ఇది రెండు వరుసల్లో ఉంది, నేనెప్పుడూ ఆగి ఆలోచించలేదు. సొంత పిల్ల కాబట్టి గొర్రె పాలిస్తుందని కదా నా సిద్ధాంతం. ఇక్కడ పాలిచ్చింది కాబట్టి సొంతమైంది. సిద్ధాంతానికి ఇది ఎదురు కాదు, అందులో ఇమిడిపోతుంది, ఎలా ఇమిడిపోతుందో రేపు రాస్తాను.

మంజు గణితంలో వెనకబడింది. ఇద్దరం కూర్చుని చాలాసేపు భిన్నాలు చేశాం. పక్కన కూర్చుంది. నేను జరగలేదు. జరగకుండా ఉండాలని గుర్తు పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది, అంటే అవ్వ చెప్పింది నిజమే అన్నమాట. తర్వాత లెక్కల్లో పడి ఆ సంగతే మరిచిపోయాను.

ఫిబ్రవరి 22

ప్రసంగం తయారైంది. ఒక్క చోట ఆగాను. కొండముచ్చుల గుంపును కొత్త మగది గెలుచుకుంటే, పాత మగదానికి పుట్టిన పసిపిల్లలను చంపేస్తుంది. ఆ వెంటనే మనుషుల సంగతి. పెంచేవాళ్లకు పుట్టని పిల్లలున్న ఇళ్లలో ఆ పిల్లలకు కష్టాలు ఎక్కువని కొన్ని దేశాల లెక్కలు చెబుతాయి. ఆ లెక్కల మీద పండితులకు తగవులూ ఉన్నాయి. ఇది చెప్పాలా వద్దా?

ఆయనకు ఆ రోజు రెస్టు. నేను అందరినీ రమ్మంటే, అవ్వనూ మంజునూ తీసుకుని ప్రసంగానికి వస్తానన్నాడు. మంజు కొత్త చుడీదారు వేసుకుంటానని ఇప్పటి నుంచే తీసి పెట్టింది.

నా ఇల్లు వేరు, సైన్స్ వేరు. ఇంట్లోవాళ్లు వింటున్నారని నిజాన్ని తీసేస్తే పదిహేనేళ్లుగా నేను చెప్పిన పాఠాలకు అర్థం లేదు. ఉంచాను.

ఫిబ్రవరి 28, హిందూపురం నుంచి వచ్చాక

చాలా బాగా జరిగింది. హాలు నిండింది. మంద నిలిపే ఒప్పందం చెబుతుంటే పల్లెల పిల్లలు తలలూపారు. కొండముచ్చుల దగ్గర వెనక వరసల వాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు. మనుషుల భాగం కూడా తడబడకుండా చెప్పాను. సొంతం కాని పిల్లలను దూరం పెట్టడం ప్రకృతిలో ఉందని చెప్పాను. ఉన్నంత మాత్రాన అది సరైనదని కాదని కూడా చెప్పాను. సంజీవప్ప సారు వందన సమర్పణలో తడిబట్ట ఉదాహరణ మళ్లీ తెచ్చాడు, ఈసారి నన్ను మెచ్చుకోవడానికి. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు.

రెండో వరసలో మా వాళ్లు. మంజు చప్పట్లు కొట్టింది, మొదట్లో. అవ్వ కళ్లార్పకుండా వింది. నేను నిద్రపోతుందనుకున్నాను.

రైల్లో వస్తూ అవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అలసిపోయి ఉంటుంది. ఆయన మాత్రం శాలువాను మడతలు విప్పి చూసి, మళ్లీ మడిచి, చాలా గర్వపడ్డాడు. నాకు చాలా సంతోషంగా ఉంది.

మార్చి 1

మంజు ఇవాళ ఆకుపచ్చ దువ్వెనతో దువ్వుకుంది. మంచిదే, దాని కోసం కొన్నదే కదా.

మార్చి 2

జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం క్లాసులు లేవని తొందరగా వచ్చాను. ఇంటికి తాళం. పక్కింటి ఎస్తేరమ్మ తాళంచెవి తెచ్చిచ్చింది. "అవ్వా మంజూ పొద్దున్నే మీరు పోతానే పొయినారు మేడం. ధర్మవరంలో దిగి కదిరి బండి పట్టుకుంటామన్నారు. మీకు తెలుసనుకుంటి," అంది.

లోపలికి పోయాను. మంజు బడి పుస్తకాలు లేవు. బట్టలు లేవు. కొత్త చుడీదారు మాత్రం కొక్కేనికి ఉంది. ఆయనకు ఫోను చేశాను. బండి మీద ఉన్నాడు, చప్పుడులో సగం మాటలే వినిపించాయి. "పొద్దున అవ్వ ఫోన్ చేసింది, నీతో చెప్పే పోతాందేమో అనుకుంటి," అన్నాడు. "ముందే ఒప్పుకున్న మాట గదా, నేనేమని అడ్డం చెప్పేది," అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను, ఈ పుస్తకం మొదటి పేజీలోనే రాశాను, న్యాయమైన మాటే అని, నాకేమీ బాధ లేదని.

పొద్దున పోయినవాళ్లు ఈపాటికి కదిరి చేరి ఉంటారు. అయినా స్టేషనుకు పరుగెత్తాను. ధర్మవరం బండి దొరికింది. కిటికీ పక్కన కూర్చుని వాదన తయారు చేసుకున్నాను. అవ్వా, ఒక సంగతి ఎందుకు జరుగుతుందో చెప్పడం వేరు, అలా జరగాలని కోరుకోవడం వేరు. అవ్వా, కొండముచ్చులది జాతి నడవడి, నాది వ్యక్తి నిర్ణయం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటీ నాకే నచ్చలేదు. పక్కన పూలు అమ్మే ఆమె నా మొహం చూసి, ఏమీ అడక్కుండానే కొంచెం జరిగి చోటిచ్చింది. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

ధర్మవరంలో వాళ్లు ఉన్నారు. కదిరి లైను ప్లాట్‌ఫారం చివర, గొంగడి పరుచుకుని, బట్టల మూట మీద మోచెయ్యి ఆనించి అవ్వ. పక్కన మంజు, బడి బ్యాగు ఒళ్లో పెట్టుకుని. నన్ను చూసి లేవలేదు. బ్యాగు జిప్పు తెరుస్తూ మూస్తూ కూర్చుంది.

నేను వాదన మొదలుపెట్టాను. అవ్వ ఓపికగా వింది.

"నువ్వు ఎందుకింత కష్టపడతాండావు సుధమ్మా," అంది చివరికి. "నాకు నీ మీద కోపమేం లేదు. లోపలొగటి పెట్టుకోని బయటొగటి చెప్పే మనిషివి కాదు నువ్వు. అంతమందిలో నిలబడి మైకులో చెప్పినావు, సొంత పిల్ల కాకుంటే దగ్గర తియ్యలేరని. అది మాకు చెప్పల్లనే మమ్మల్ని పిలిపించినావు. నా మొగాన చెప్పలేక ఆ దోవన చెప్పినావు. నాకర్థమాయ. నేను చేసింది పన్జెయ్యల్యా, అంతే. కొన్ని గొర్రెలు అట్లే, ఒప్పుకోవు. వాటి తప్పు కాదు."

"అది నా గురించి కాదవ్వా. అది సైన్స్."

"సైన్స్ అంటే నిజమే గదా?"

"నిజమే."

"మరింగేముంది?"

మంజు అప్పుడు నోరు విప్పింది, జిప్పు వైపే చూస్తూ. "నన్ను పొమ్మని చెప్పేదానికే పిలిచినావేమో అనుకున్నా చిన్నమ్మా. ఊరికే చప్పట్లు కొట్టినా."

ఎన్నేళ్లు చదివితే ఏమి, ఆ ప్లాట్‌ఫారం మీద చెప్పడానికి ఒక్క కారణం దొరకలేదు. సొంత రక్తం కాదు. మంచి పేరు కోసం కాదు, అక్కడ నన్ను ఎరిగినవాళ్లు లేరు. ముసలితనంలో చూస్తుందని కూడా కాదు. గొంగడి మీద, మంజును ఆనుకుని కూర్చున్నాను.

"అవ్వా, నేను మైకులో చెప్పింది నిజమే. దాన్ని వెనక్కి తీసుకోను. కానీ మంజు నాకు కావాలి. ఎందుకని అడిగితే నాకు తెలీదు. ఇంటికొచ్చి చూస్తే దాని బట్టలు లేవు, స్టేషనుకు పరుగెత్తాను. నేను పంపను. ఉగాదికీ పంపను, ఆ తర్వాతా పంపను."

అవ్వ నన్ను చాలాసేపు చూసింది. మంద దగ్గర ఆ గొర్రెను కూడా ఇంతసేపు చూడలేదు.

"ఈ మాట ఆ మైకులోనే చెప్పింటే సరిపోతాండె గదమ్మా," అంది. "పొద్దున్నించి ఈడ ఎండకు కుచ్చోనుండేది తప్పుతాండె."

"ఆ ఒక్క మాటకే ఒప్పుకుంటావా అవ్వా?" అన్నాను, నమ్మలేక.

"ఒప్పుకోకేం జేస్తా. వాదన జేసినంత సేపు నీ మాట నమ్మల్యా. తెలీదన్నప్పుడు నమ్మినా."

మంజు బ్యాగు పక్కన పెట్టి, తల నా భుజం మీద పెట్టింది. సీకాయ వాసన. నా తలకూ అదే కాబట్టి ఎవరిదో చెప్పలేను. ఇద్దరం అలాగే ఉన్నాం. ఇంత సంతోషం నేను ఎప్పుడూ పడలేదు, ఇది మాత్రం సందేహం లేకుండా రాస్తున్నాను.

తర్వాత ముగ్గురం లేచాం. దేవప్పకు ఫోను చేసి, అవ్వ మంద కదిలేదాకా మళ్లీ మా ఇంట్లోనే ఉంటుందని చెప్పాను. నేను మూట ఎత్తుకున్నాను, అవ్వ గొంగడి దులిపింది. పెనుకొండ బండి వచ్చే ప్లాట్‌ఫారం వైపు నడుస్తూ నేనే అన్నాను, పొద్దున వచ్చినవాళ్లు ఇంకా ఇక్కడే ఉండటం నా అదృష్టమని, నేను వచ్చేసరికి వెళ్లిపోయి ఉంటారనుకున్నానని.

"పొయ్యేవాళ్లమే," అంది అవ్వ. "మేమొచ్చిన రోంతసేపటికే ఆడనే, మా ముందరనే, ఒగ బండొచ్చి నిలబడె. నేను మూట గూడ ఎత్తుకుంటి. మంజు పొయ్యి బోర్డు చదివొచ్చి, ఇది కదిరికి పోదవ్వా అనె. నాకు చదువు రాదు గదా. సరే ఇంగోటి వస్తాదిలే అని కుచ్చుంటిమి."

నేను గార్డు పెళ్లాన్ని. మంజు గార్డు కూతురు. ఆ లైనులో కదిలిన బండి ఏదైనా సరే కదిరి మీదుగా పోవాల్సిందే, ఇంకో దారి లేదు. అది మా ఇద్దరికీ తెలుసు.

మంజు నడుస్తూనే ఉంది. తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడకూడదని పిల్లలకు చెప్పాల్సింది పెంచేవాళ్లే, అంటే ఇకనుంచి నేనే.

"ఏమ్మా, అది కదిరికి పొయ్యేది కాదా?" అంది అవ్వ, నా మొహం చూసి.

"కాదవ్వా," అన్నాను. "ఆ బండి కదిరికి పోదు."